జ్ఞాపకశక్తి, ఏకాగ్రత: పుస్తకం మూసిన తర్వాత జరిగే చదువు



కిందటి సంవత్సరం మన ట్రస్టు స్కాలర్‌షిప్పుల రెన్యూవల్ దరఖాస్తులు పరిశీలించే పని కమిటీవారు నాకూ, మరి ఇద్దరు పెద్దలకూ అప్పగించారు. బి.కాం. రెండవ సంవత్సరం చదువుతున్న ఒక అబ్బాయి వచ్చి మా ఎదుట కూర్చున్నాడు. మార్కుల పత్రంలో రెండు పేపర్లు పోయాయి. మా షోలాపూర్‌లో అందరూ అనే మాటలో చెప్పాలంటే ఏటీకేటీ పడింది. పేపర్లు పోయినవారికి స్కాలర్‌షిప్పు కొనసాగించడం నియమాల ప్రకారం కష్టం. "ఏమయింది నాయనా?" అని అడిగాను.

తలెత్తకుండా జవాబు చెప్పాడు. "కాకా, రాత్రి పన్నెండు దాక చదువుత. ఒక్కొక్క పాఠం నాలుగైదు సార్లు చదువుత. పరీక్షల పేపరు చేతికొచ్చినాక ఏమీ యాదికొస్తలేదు. నాకు మతే లేదు. నాయినతోని సాంచాల మీదికే పోత."

ఆ మాట నన్ను 1979వ సంవత్సరానికి తీసుకుపోయింది. ఆ సంవత్సరం, సరిగ్గా అదే వయసులో, అదే తరగతిలో, నేను కూడా మా నాయినతో ఇదే మాట అన్నాను. నేను పండితుణ్ణి కాను, మనస్తత్వ శాస్త్రం చదివినవాణ్ణి కాను. బ్యాంకులో గుమాస్తాగా ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి 2019లో రిటైరైన బి.కాం. పట్టభద్రుణ్ణి. కానీ "నాకు మతి లేదు" అన్న ఒక్క అపోహ వల్ల మన ఇళ్ళలో ఎందరు పిల్లలు చదువు మానేశారో కళ్ళారా చూశాను. అందుకే నా అనుభవాన్నీ, ఆ తర్వాత చదివి తెలుసుకున్న కొన్ని విషయాలనూ ఈ సంచికలో మీ ముందుంచుతున్నాను.

అక్క అడిగిన ప్రశ్న

మాది మా తాతగారి కాలంలో కరీంనగర్ ప్రాంతం నుంచి బతుకుతెరువు కోసం షోలాపూర్ వచ్చిన నేత కుటుంబం. నాయిన చాదర్ల కార్ఖానాలో సాంచా నడిపేవారు. అవ్వ, అక్క ఇంట్లో బీడీలు చేసేవారు. అక్క ఏడో తరగతితో బడి మానేసింది. నన్ను చదివించడానికే మానేసిందని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పుడు మా కాలేజీ కొల్హాపూర్‌లోని శివాజీ విశ్వవిద్యాలయం కింద ఉండేది. రెండవ సంవత్సరంలో నాకు కాస్టింగ్, మర్కంటైల్ లా రెండూ పోయాయి. నాకు మతి లేదు, పనిలోకి వస్తానని నాయినతో చెప్పాను. నాయిన ఏమీ అనలేదు. ఒడిలో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తున్న అక్క మాత్రం అడిగింది.

"తమ్మీ, పొద్దటిసంది చదువుతనే ఉన్నవ్ గద. ఏం చదివినవో నాకు చెప్పు."

పుస్తకం తెరవబోయాను. "అది మూసిపెట్టి చెప్పు" అంది.

రెండు వాక్యాలు కూడా చెప్పలేకపోయాను. మూడు గంటలు చదివాను. ప్రతి పంక్తి కింద ఎర్ర సిరాతో గీతలున్నాయి. చదువుతున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంది. పుస్తకం మూసేసరికి ఏమీ లేదు. "మతి లేక కాదు, నువ్వు చదివింది ఎవరూ నిన్ను అడుగుతలేరు" అంది అక్క. ఆ రోజు నుంచి ఆమే అడగడం మొదలుపెట్టింది.

నాయిన పనిచేసే కార్ఖానాలో జకార్డు మగ్గాలకు వాడి పారేసిన అట్టలు దొరికేవి. చాదరు మీద పువ్వు ఎక్కడ రావాలో చెప్పే చిల్లులున్న అట్టలవి. వాటిని ముక్కలుగా కత్తిరించి ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు మరాఠీలో రాసి అక్కకు ఇచ్చేవాణ్ణి. ఆమె చేతులు బీడీలు చుడుతుంటే ముందు పరిచిన అట్టల్లో ఒకటి చూసి ప్రశ్న అడిగేది. నేను చెప్పేవాణ్ణి. తప్పితే "ఇంకోసారి" అని ఆ అట్టను పక్కన పెట్టేది. మరుసటి పరీక్షలో రెండు పేపర్లూ పాసయ్యాను. ఆ తర్వాత బ్యాంకు ఉద్యోగ పరీక్షకూ, ఉద్యోగంలో చేరాక రాసిన సి.ఎ.ఐ.ఐ.బి. పరీక్షలకూ కూడా ఇదే పద్ధతిలో తయారయ్యాను.

చదవడం వేరు, గుర్తు తెచ్చుకోవడం వేరు

అక్క తనకు తెలియకుండానే కనిపెట్టిన ఈ విషయాన్ని తర్వాత శాస్త్రజ్ఞులు పరీక్షించి చూశారు. 2006లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడిగర్, కార్పికే అనే ఇద్దరు ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. కాలేజీ విద్యార్థులకు చిన్న చిన్న పాఠ్యభాగాలిచ్చారు. కొన్నింటిని రెండుసార్లు చదివించారు. మరికొన్నింటిని ఒక్కసారే చదివించి, తర్వాత కాగితం చూడకుండా గుర్తున్నదంతా రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినదే కాస్త మెరుగు: 81 శాతం గుర్తుంది. ఒకసారి చదివి రాసింది 75 శాతం. అదే వారం రోజుల తర్వాత పరీక్ష పెడితే ఫలితం తారుమారైంది. రెండుసార్లు చదివినది 42 శాతానికి పడిపోయింది. చూడకుండా రాసినది 56 శాతం నిలిచింది.

మనం మోసపోయేది ఇక్కడే. మళ్ళీ మళ్ళీ చదివితే పాఠం కంటికి అలవాటవుతుంది. ఆ అలవాటునే మనం "వచ్చేసింది" అనుకుంటాం. వీధిలో రోజూ కనిపించే మనిషి ముఖం తెలుస్తుంది, పేరు అడిగితే చెప్పలేం. పరీక్షలో ముఖం గుర్తుపట్టమని అడగరు, పేరు చెప్పమంటారు. కాబట్టి చదివే సమయంలో సగమైనా పుస్తకం మూసి గడపండి. ఒక పేజీ చదవండి, మూయండి, తెల్లకాగితం మీద గుర్తున్నది రాయండి, తెరిచి సరిచూసుకోండి. తప్పులు వస్తాయి. మొదట్లో చాలా వస్తాయి. "ఇంత చదివినా రాలేదే" అని కుంగిపోవద్దు. రాలేదని ఇంట్లో తెలియడం మంచిదా, పరీక్ష హాలులో తెలియడం మంచిదా?

మరుపుకు ఒక లెక్క ఉంది

1885లో జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే ఆచార్యుడు జ్ఞాపకశక్తి మీద ఒక పుస్తకం ప్రచురించాడు. ఆయన ప్రయోగాలన్నీ తన మీద తానే చేసుకున్నాడు. అర్థం లేని అక్షరాల జాబితాలు కంఠస్థం చేసేవాడు. కొంత వ్యవధి ఇచ్చి అదే జాబితాను మళ్ళీ నేర్చుకునేటప్పుడు మొదటిసారి పట్టిన శ్రమలో ఎంత ఆదా అయిందో లెక్క వేసేవాడు. 20 నిమిషాల తర్వాత సుమారు 58 శాతం ఆదా. గంట తర్వాత 44 శాతం. ఒక రోజుకు 34 శాతం. ఆరు రోజులకు 25 శాతం. నెల రోజులకు 21 శాతం.

ఈ అంకెలను బ్యాంకు గుమాస్తా కంటితో చూడండి. ఖాతాలో వేసిన సొమ్ములో సగానికి పైగా మొదటి గంటలోనే విత్‌డ్రా అయిపోతోంది. కానీ ఆరో రోజుకూ ముప్ఫై ఒకటో రోజుకూ మధ్య పోయేది చాలా కొంచెం. మన పాఠాలకు అర్థం ఉంటుంది కనుక ఇంత వేగంగా పోవు. అయినా ముందు వేగంగా, తర్వాత నెమ్మదిగా పోవడమన్నది వాటికీ వర్తిస్తుంది. అందువల్ల మరచిపోవడం మీ ఒక్కరి లోపం కాదు, ఆ ఆచార్యుడంతటివాడూ మరచిపోయాడు. పరీక్ష ముందు రోజు పది గంటలు కూర్చోవడం కంటే అదే పది గంటలను నెల రోజుల మీద పంచడం లాభం.

నేను పాటించిన క్రమం ఇది. ఈ రోజు విన్న పాఠాన్ని ఈ రాత్రే ఒకసారి చూడకుండా చెప్పుకోవాలి. తర్వాత మర్నాడు, నాలుగో రోజు, వారానికి, నెలకు. బ్యాంకులో డిపాజిట్లు, బిల్లులు ఏ తేదీన గడువుకు వస్తాయో రాసుకునే డ్యూ డేట్ రిజిస్టరు ఉండేది. పొద్దున్నే దాన్ని తెరిచి ఆ రోజు గడువున్నవి బయటికి తీసేవాళ్ళం. మీరు కూడా ఒక పాత డైరీలో ఏ పాఠం ఏ తేదీన మళ్ళీ చూడాలో రాసుకోండి. ఒక్కో పాఠానికి అయిదు నుంచి పది నిమిషాలు చాలు. వచ్చిన పాఠం తర్వాతి గడువుకు జరుగుతుంది. రాని పాఠం మర్నాటికే తిరిగి వస్తుంది.

అర్థం కానిది నిలవదు

బళ్ళారిలో, బరంపురంలో, హోసూరులో, షోలాపూర్‌లో ఎక్కడ చూసినా మన పిల్లల కష్టం ఒకటే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో ఒడియానో తమిళమో మరాఠీనో, కాలేజీకి వెళ్ళేసరికి ఇంగ్లీషు. అర్థం కాని ఇంగ్లీషు వాక్యాన్ని బట్టీ పట్టి, పరీక్షలో ఒక మాట జారితే మొత్తం ఆగిపోతుంది. దీన్ని జ్ఞాపకశక్తి లోపమంటే ఒప్పుకోను. అర్థం అందకపోవడమే దానికి కారణం. ముందు విషయాన్ని మీ ఇంటి భాషలో మీ అమ్మకు చెప్పగలిగేలా తెలుసుకోండి. ఆ తర్వాతే ఇంగ్లీషు మాటలు వాటి చోట్లలో పెట్టుకోండి.

ఒక ఉదాహరణ. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో ప్రామిసరీ నోటు 4వ సెక్షను, బిల్ ఆఫ్ ఎక్స్ఛేంజ్ 5వ సెక్షను, చెక్కు 6వ సెక్షను. నేను మూడు నిర్వచనాలనూ విడివిడిగా బట్టీ పట్టి మూడింటినీ కలగాపులగం చేశాను. అక్కకు ఇలా చెప్పాల్సి వచ్చింది. "నేను నీకు డబ్బిస్తానని రాసిస్తే అది నోటు, ఇందులో ఇద్దరే. ఫలానా వానికి డబ్బివ్వమని నేను ఇంకొకరికి హుకుం రాస్తే అది బిల్లు, ఇందులో ముగ్గురు. ఆ హుకుం బ్యాంకు మీద రాసి, అడిగిన వెంటనే ఇవ్వాల్సిందైతే చెక్కు."

అక్క కొంచెం ఆలోచించి, "అంటే చెక్కు గూడ ఒక తీరు బిల్లే, బ్యాంకు మీద రాసింది. అంతే గద?" అంది. సరిగ్గా 6వ సెక్షను చెప్పేది అదే. ఇద్దరు, ముగ్గురు, బ్యాంకు; నాలుగు, అయిదు, ఆరు. ఇన్నేళ్ళయినా నేను మరచిపోలేదు.

దీనికి తోడు ఇంకొక మాట. మనసు ఒక్కసారి పట్టుకోగలిగే విడి విషయాలు కొన్నే. 1956లో జార్జ్ మిల్లర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఆ సంఖ్య ఏడుకు అటూ ఇటూ ఉంటుందని రాశాడు. కానీ విడి విషయాలను గుంపుగా కడితే గుంపంతా ఒకటిగా లెక్క. పదకొండు అంకెల ఖాతా నంబరును మేము మూడు, నాలుగు, నాలుగుగా విడగొట్టి చదివేవాళ్ళం. అలా చదివితే తప్పు పోయేది కాదు. పన్నెండు పాయింట్ల జవాబు ఉంటే దాన్ని మూడు శీర్షికల కింద నాలుగేసిగా కట్టుకోండి. శీర్షిక గుర్తుకొస్తే దాని కిందివి వెంట వస్తాయి.

ఏకాగ్రత: మన అవధానం నేర్పే పాఠం

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను క్యాష్ కౌంటరులో కూర్చోబెట్టారు. ఒక శనివారం రద్దీలో నోట్లు లెక్కిస్తుండగా పక్క సహోద్యోగి ఏదో అడిగాడు. జవాబు చెప్పి, ఆపిన చోటు నుంచే లెక్క సాగించాను. సాయంత్రానికి 500 రూపాయలు తక్కువ వచ్చాయి. తప్పు నాది, ఆ నెల జీతంలోంచి కట్టాను. అప్పటికి అది మా ఇంటికి చిన్న మొత్తం కాదు. తర్వాత మా హెడ్ క్యాషియరుగారు చెప్పిన సూత్రం జీవితాంతం పనికొచ్చింది: లెక్క మధ్యలో ఎవరైనా పిలిస్తే కట్టను కింద పెట్టి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టు. తెగిన చోటు నుంచి అతకాలనుకున్నావంటే నష్టపోతావు.

ఈ రోజుల్లో ఆ సహోద్యోగి పాత్రను మీ చేతిలోని ఫోను పోషిస్తోంది. ఫోను చూసింది అర నిమిషమే కావచ్చు. తెగిన ఆలోచన తిరిగి అతకడానికి పట్టే సమయం ఆ అర నిమిషంలో లేదు. "నేను చదువుతూనే మెసేజీలు కూడా చూడగలను" అని మా మనవడు అంటాడు. ఒకేసారి రెండు పనులు చేస్తున్నాననుకోవడం భ్రమ. ఒక పని ఆపి ఇంకో పనికి పోయి, తిరిగి వస్తున్నాడంతే.

మన తెలుగువారికి ఈ విషయంలో గొప్ప విద్య ఒకటుంది, అవధానం. తిరుపతి వేంకట కవులుగా ప్రసిద్ధులైన దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి గార్లు దీన్ని ఊరూరా ప్రచారంలోకి తెచ్చారు. చిన్నతనంలో ఒక ఉగాదికి మా పేట గుడిలో అష్టావధానం చూశాను. ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు వర్ణన, ఒకరు నిషిద్ధాక్షరి. ఇంకొకరు అప్పుడప్పుడు గంట కొడతారు, దెబ్బలు లెక్క పెట్టుకోవాలి. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయనకు మధ్య మధ్యలో సంబంధం లేని మాటలతో అవధాని మనసు చెదరగొట్టడమే పని. అవధాని ఎనిమిది పనులూ ఒకేసారి చేస్తున్నాడని అప్పుడనుకున్నాను. జాగ్రత్తగా చూస్తే అలా కాదు. ఒక పృచ్ఛకుని దగ్గర ఉన్నంతసేపూ ఆ పద్యపాదం మీదే ఉంటాడు. అది ముగించి తర్వాతి వారి దగ్గరికి వెళ్తాడు. ఒక చుట్టు తిరిగి వచ్చి రెండో పాదం చెబుతాడు. అంటే మొదటి పాదాన్ని కొంత వ్యవధి తర్వాత చూడకుండా గుర్తు తెచ్చుకుంటున్నాడు. ఇలా నాలుగు చుట్లు. చివర్లో ధారణ, అంటే పూర్తయిన పద్యాలన్నీ కాగితం లేకుండా అప్పజెప్పడం.

ఇందులో మనకు కావలసినవన్నీ ఉన్నాయి. ఉన్నంతసేపు ఒక్కదాని మీదే ఉండటం, వ్యవధి ఇచ్చి తిరిగి రావడం, చూడకుండా చెప్పడం. మనకు ఆయనంత ప్రజ్ఞ అక్కర లేదు. ఆ పద్ధతిలో పదో వంతు చాలు.

ఆచరణలో ఇలా చేయండి. ఒక సబ్జెక్టులో ఒక చిన్న పని నిర్ణయించుకోండి. "అకౌంట్స్ చదువుతాను" అనకండి. "తరుగుదలలో రెండు లెక్కలు చేస్తాను" అనండి. ఫోను స్విచాఫ్ చేసి ఇంకో గదిలో, గది లేకపోతే అమ్మ చేతిలో పెట్టండి. అప్రస్తుత ప్రసంగం చేసేవారిని మనంతట మనమే పక్కన కూర్చోబెట్టుకోనక్కర లేదు. 25 నిమిషాలు చదివి 5 నిమిషాలు లేచి తిరగండి. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఆయన తాను విద్యార్థిగా ఉన్నప్పుడు, 1980ల చివర్లో, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారం పెట్టుకుని ఈ పద్ధతి ప్రారంభించాడు. 25 కుదరకపోతే 15తో మొదలుపెట్టండి. మధ్యలో ఏదైనా గుర్తొస్తే పక్కన కాగితం మీద ఒక్క మాట రాసి చదువులోకి తిరిగి రండి.

ఇంట్లో చోటు లేనివారికి

"ప్రశాంతమైన గదిలో కూర్చుని చదవండి" అని పుస్తకాల్లో రాస్తారు. మన ఇళ్ళ సంగతి నాకు తెలుసు. ఒకే గది, టి.వి., చిన్న పిల్లలు, పక్క షెడ్డులో సాంచాల చప్పుడు. ఇలాంటి ఇళ్ళలో చదువును రెండుగా విడగొట్టుకోవడం ఉపాయం. కొత్త పాఠం అర్థం చేసుకోవడానికి నిశ్శబ్దం కావాలి. దానికి కాలేజీ లైబ్రరీలో గంటసేపో, తెల్లవారుజామున గంటసేపో కేటాయించండి. వచ్చిన పాఠం గుర్తు తెచ్చుకోవడానికి మాత్రం పుస్తకమూ అక్కర లేదు, బల్లా అక్కర లేదు. బస్సులో, నీళ్ళ వరుసలో, అంట్లు తోముతూ చేసుకోవచ్చు. కిందటి సంవత్సరం మన స్కాలర్‌షిప్పు తీసుకున్న ఒక అమ్మాయి అమ్మతో కలిసి బీడీలు చేస్తూనే తాను రాసుకున్న ప్రశ్నలు చెల్లెలి చేత అడిగించుకుంటానని చెప్పింది. ఆ మాట విన్నప్పుడు నాకు ఎవరు గుర్తుకొచ్చారో వేరే చెప్పనక్కర లేదు.

నిద్ర, ఒంటి ఆరోగ్యం

రాత్రంతా మేల్కొని చదవడం గొప్ప అనుకోవద్దు. 1924లోనే అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇద్దరు విద్యార్థులతో ప్రయోగం చేశారు. నేర్చుకున్న తర్వాత నిద్రపోతే ఎంత గుర్తుంటుంది, మెలకువగా ఉండి పనులు చేసుకుంటే ఎంత గుర్తుంటుంది అని పోల్చారు. నిద్రపోయిన తర్వాతే ఎక్కువ గుర్తుంది. చదివినది లోపల కుదురుకునేది నిద్రలోనని తర్వాతి పరిశోధనలూ చెబుతున్నాయి. కనీసం ఏడు గంటలు పడుకోండి. పడుకునే ముందు పది నిమిషాలు ఆ రోజు పాఠాలు చూడకుండా చెప్పుకోండి.

జ్ఞాపకశక్తి టానిక్కులకూ మాత్రలకూ డబ్బు తగలేయవద్దు. ఆ డబ్బుతో పొద్దున్న కడుపునిండా తిని కాలేజీకి వెళ్ళండి. అయితే ఎప్పుడూ నీరసం, ఆయాసం, చదువుతుంటే తల బరువు ఉంటే, ముఖ్యంగా ఆడపిల్లలు, ప్రభుత్వ ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. రక్తహీనత వల్ల కూడా మనసు నిలవదు. బోర్డు మసకగా కనిపిస్తే కంటి పరీక్ష చేయించుకోండి. వారాల తరబడి దిగులుగా ఉండి, నిద్ర పట్టక, దేని మీదా ధ్యాస లేకపోతే దాన్ని బద్ధకం అనుకోవద్దు. ఇంట్లో పెద్దవారికి చెప్పండి, డాక్టరును కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేసి మన భాషల్లో మాట్లాడవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మనవి

"వీడికి చదువు అబ్బదు" అనే మాట పిల్లల ఎదుట అనవద్దు. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. రోజూ ఒక పావుగంట "ఇయ్యాల ఏం చదివినవో నాకు చెప్పు" అని అడిగి, పని చేసుకుంటూనే వినండి. మీకు అర్థం కాకపోతే "నాకు అర్థమయ్యేటట్టు చెప్పు" అనండి. దానికి మించిన ట్యూషన్ లేదు.

ఇక ఆ అబ్బాయి సంగతి. కమిటీలో చర్చించి అతని దరఖాస్తు తిరస్కరించకుండా, తదుపరి పరీక్షల ఫలితం దాకా నిలిపి ఉంచాం. ఆదివారాలు మా ఇంటికి రమ్మన్నాను. మొదటి ఆదివారం పుస్తకం మూయించి అడిగితే, 1979లో నేను చెప్పినంత కూడా చెప్పలేకపోయాడు. ఏమీ అనకుండా అట్టముక్కలు ఇచ్చి ప్రశ్నలు రాయించాను. నాలుగో ఆదివారానికి తానే మొదలుపెట్టాడు, "కాకా, అడుగుండ్రి" అని. ఫలితం వచ్చింది. ఒక పేపరులో 54, ఇంకోదానిలో 41. గొప్ప మార్కులు కావు. కానీ సాంచాల మీదికి పోతానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. స్కాలర్‌షిప్పు కొనసాగింది.

అక్కకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పడానికి మొన్న వెళ్ళాను. పరీక్షిద్దామని "అక్కా, చెక్కు అంటే ఏంది?" అని అడిగాను. నవ్వి, "బ్యాంకు మీద రాసిన బిల్లు" అంది. నలభై అయిదు సంవత్సరాల కింద, బీడీలు చుడుతూ తమ్ముడి దగ్గర విన్న మాట అది. మా ఇంట్లో జ్ఞాపకశక్తి ఎక్కువ ఉన్నది ఆమెకే. కాలేజీకి వెళ్ళే అవకాశం మాత్రం నాకు వచ్చింది.

పిల్లలారా, ఆ అవకాశం ఈ రోజు మీ చేతిలో ఉంది. "నాకు మతి లేదు" అని దాన్ని వదులుకోవద్దు. ఈ రాత్రి ఒక పాఠం చదివి, పుస్తకం మూసి, ఇంట్లో ఎవరికైనా చెప్పండి. చెప్పలేని చోటు ఎక్కడో తెలుస్తుంది. రేపటి చదువు అక్కడ నుంచి మొదలుపెట్టండి.